గూట్లో ఉన్న ఆ ఒక్క సీసా అన్ని జబ్బులకూ పనిచేయదు

ప్రశ్న: నమస్కారం డాక్టరు గారూ. మాది ప్రకాశం జిల్లా కనిగిరి దగ్గర పల్లె. డిగ్రీ అయిపోయి ఇంటి దగ్గరే ఉంటున్నాను, నాన్నకు తోడుగా మందను చూసుకుంటున్నాను. అరవై దాకా జోడిపి గొర్రెలు, ఒక సంకరజాతి ఆవు, ఒక గేదె ఉన్నాయి. అక్టోబరులో వానలు పడ్డాక బాగా పుష్టిగా ఉన్న పిల్లలు మూడు రాత్రికి రాత్రి చచ్చిపోయాయి. ముందురోజు సాయంత్రం దాకా బాగానే మేశాయి. తర్వాత నెలలో ఎనిమిది గొర్రెలకు మూతి వాచి, నోట్లో పుండ్లు పడి, కుంటడం మొదలుపెట్టాయి. డాక్టరు గారు వచ్చి సూది వేసి, "దీనికి మందంటూ లేదమ్మా, జాగ్రత్తగా చూసుకోండి" అన్నారు. మందు లేనప్పుడు సూది ఎందుకు వేసినట్టు? ఇంతలో ఆవు డికాషన్ రంగులో మూత్రం పోసింది. దానికి మాత్రం ఒక్క సూదితో నయమైపోయింది. నాన్న గూట్లో ఎప్పుడూ ఒక యాంటీబయాటిక్ సీసా ఉంటుంది. ఏ జీవం నలతగా ఉన్నా అదే వేస్తాడు. "అన్నీ క్రిములే కదా" అంటాడు. నిజంగా అన్నీ ఒకటేనా? ఇంకో మాట. చచ్చిన పిల్లల్ని ఊళ్లో వాళ్లు కోసి పంచుకున్నారు. అలా తినొచ్చా?

సమాధానం: అమ్మా, చివర అడిగిన మాటకే ముందు జవాబు చెబుతాను. మిగతాది నిదానంగా చదువుకోవచ్చు, ఇది మాత్రం ఇవాళే ఇంట్లో చెప్పాలి. ఎందుకు చచ్చిందో తెలియని జీవాన్ని కోయొద్దు, తోలు తీయొద్దు, తినొద్దు. మీ పిల్లలు పోయింది చిటుక రోగంతోనని నా అనుమానం. కానీ అదే తీరున, నిన్న మేసిన జీవాన్ని తెల్లారేసరికి పడేసే జబ్బు ఇంకొకటుంది. దాని పేరు దొమ్మ. పేపర్లలో ఆంత్రాక్స్ అని రాసేది దీన్నే. చచ్చిన జీవం ముక్కులోంచో, నోట్లోంచో, వెనక నుంచో నల్లటి రక్తం కారుతూ, ఆ రక్తం గడ్డకట్టకుండా ఉంటే, ఒళ్లు బిగుసుకోకుండా తొందరగా ఉబ్బిపోతే దొమ్మని అనుమానించాలి. పైకి ఏ గుర్తూ లేకుండా పడిపోయే గొర్రెలూ ఉంటాయి కాబట్టి, రక్తం కనపడలేదు కదా అని ధైర్యం చేయకూడదు.

కోయొద్దని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. దొమ్మ పుట్టించేది ఒక బాక్టీరియా. ఒంట్లో ఉన్నంతసేపూ అది తేలిగ్గా చచ్చేదే. కళేబరాన్ని ముట్టుకోకుండా వదిలేస్తే, లోపల కుళ్లు పుట్టించే వేరే బాక్టీరియాలే దాన్ని కొద్ది రోజుల్లో చాలావరకు తుదముట్టిస్తాయి. కత్తి పెట్టామా, రక్తానికి గాలి తగులుతుంది. గాలి తగిలిన దొమ్మ క్రిమి తన చుట్టూ గట్టి పొర కట్టుకుని స్పోరుగా మారిపోతుంది. ఎండ, వాన, కరువు దాన్ని ఏమీ చేయలేవు, మనం కూర వండే వేడికి కూడా చస్తుందన్న నమ్మకం లేదు. 1942లో బ్రిటన్ సైన్యం స్కాట్లండ్ ఒడ్డున గ్రూనార్డ్ అనే చిన్న దీవిలో గొర్రెల మీద దొమ్మ క్రిమితో ఆయుధ ప్రయోగం చేసింది. ఆ తర్వాత ఆ దీవి మీద అడుగు పెట్టడానికే వీల్లేకుండా పోయింది. 1986లో నేలనంతా ఫార్మాల్డిహైడ్ కలిపిన సముద్రపు నీటితో తడిపి, 1990లో గానీ ఇక ఫరవాలేదని ప్రకటించలేకపోయారు. మన ఊళ్లో చెరువు కట్ట కింద కోసిన గొర్రె సంగతీ అంతే. దాని రక్తం పడిన చోట ఏళ్ల తర్వాత మేసిన జీవానికి కూడా జబ్బు రావచ్చు.

మనిషికైతే ఎక్కువగా చేతుల మీద వస్తుంది. నొప్పి లేని పొక్కు లేచి, పుండై, మధ్యలో నల్లగా మాడినట్టు అవుతుంది. అలాంటిది కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లి, చచ్చిన జీవాన్ని ముట్టుకున్న సంగతి డాక్టరుకు చెప్పాలి. తొందరగా పట్టుకుంటే మందులకు లొంగుతుంది. మీ ఊళ్లో పంచుకున్న వాళ్లకు ఇన్ని వారాలైనా ఏమీ కాకపోయి ఉంటే టెన్షన్ పడకండి. ఈసారి మాత్రం ఆరడుగుల గొయ్యి తీసి, కిందా పైనా సున్నం పోసి, బావులకూ చెరువుకూ దూరంగా పూడ్చండి.

ఇక మీ పిల్లల సంగతి. చిటుక రోగం తెచ్చే బాక్టీరియా ఎక్కడి నుంచో రాదు. ఆరోగ్యంగా ఉన్న గొర్రె పేగుల్లో కూడా కొద్దో గొప్పో ఉంటుంది. ఎండుగడ్డి, చొప్ప తింటూ ఉన్నంతకాలం దానికి తిండి చాలదు, అణిగి ఉంటుంది. మన వైపు పెద్ద వానలు అక్టోబరు, నవంబరులోనే కదా. ఎండిన బీడు పది రోజుల్లో పచ్చబడుతుంది. ఆకలి మీదున్న పిల్ల ఆ లేత గడ్డి మీదో, గింజ రాలిన సజ్జ చేను మీదో పడి పొట్ట పగిలేలా తింటుంది. అరగని పిండి, చక్కెర పదార్థం పేగుల్లోకి దిగేసరికి ఆ బాక్టీరియాకు పండగ. గంటల్లో కోట్లకు పెరిగి విషం వదులుతుంది. విచిత్రం ఏమిటంటే, విడుదలైనప్పుడు ఆ విషానికి పెద్దగా బలం ఉండదు. తిండి అరిగించడానికి గొర్రె పేగుల్లో ఊరే ట్రిప్సిన్ రసమే దాన్ని కత్తిరించి, పదును పెడుతుంది. తర్వాత అది రక్తంలో కలిసి మెదడులో, మూత్రపిండాల్లో సన్నటి రక్తనాళాలను దెబ్బతీస్తుంది. పిల్ల తల వెనక్కి విరుచుకుని, కాళ్లు కొట్టుకుని పోతుంది. ఎక్కువ తిన్నది ఎక్కువ విషం పుట్టించుకుంటుంది కాబట్టే మందలో బక్కవి మిగిలి, నాలుగు డబ్బులు తెచ్చే పుష్టివే పోతాయి.

మీ నాన్నగారి సీసా ఇక్కడ ఎందుకు పనికిరాదో ఇప్పుడు తెలిసిందనుకుంటాను. జీవం పడిపోయిందని మనం చూసేసరికి పని చేస్తున్నది విషం. యాంటీబయాటిక్ బాక్టీరియాను చంపగలదేమో గానీ, అప్పటికే రక్తంలో కలిసిన విషాన్ని వెనక్కి లాగలేదు. చిటుక టీకా ఆ విషం మీదికే ఒంటిని సిద్ధం చేస్తుంది. మొదటిసారి రెండు మూడు వారాల తేడాతో రెండు విడతలు, తర్వాత ఏడాదికొకసారి, వానలకు ముందే వేయించాలి. నెలలు నిండిన గొర్రెలకు ఈనడానికి కొన్ని వారాల ముందు వేయిస్తే ముర్రుపాలతో పిల్లకు కూడా రక్షణ వస్తుంది. అందుకే పుట్టిన పిల్ల చేత వెంటనే ముర్రుపాలు తాగించాలి. ఇంకొకటి, వానలు పడ్డ కొత్తలో మందను ఖాళీ కడుపుతో పచ్చిక మీదికి తోలకండి. పొద్దున కాస్త చొప్పో ఎండుగడ్డో వేసి, ఆ తర్వాత వదలండి. మొదటి రోజుల్లో గంటా రెండు గంటలు చాలు.

విషంతో చంపే ఈ బాక్టీరియా కుటుంబం పెద్దదే. దూడల తొడలో, జబ్బలో గాలి నింపి, నొక్కితే కరకరమనిపించే జబ్బవాపు, ధనుర్వాతం ఆ కుటుంబానివే. అన్ని బాక్టీరియాలూ ఇలా ఉండవు. గేదెలకు వచ్చే గొంతువాపులో క్రిమి స్వయంగా రక్తంలోకి దిగి ఒళ్లంతా పాకుతుంది. పొదుగువాపులో పాలగదుల్లోనే కాపురం పెడుతుంది. ఇలాంటి చోట తొందరగా, సరైన మోతాదులో వేసిన యాంటీబయాటిక్ ప్రాణం నిలుపుతుంది. గొంతువాపులో ఆ తొందర గంటల్లో లెక్క. రాత్రి గురక పెట్టిన గేదెను పొద్దున చూద్దాంలే అనుకోకూడదు.

మూతి వాచిన ఎనిమిది గొర్రెలకు వచ్చింది నీలినాలుక అనుకుంటున్నాను. నోట్లో పుండ్లు పీపీఆర్ అనే ఇంకో వైరస్ జబ్బులోనూ ఉంటాయి గానీ, పీపీఆర్‌లో కళ్లలో పుసులు, ముక్కులో చీమిడి, ఆగని పారుడు ఉంటాయి. కుంటడం, మూతివాపు నీలినాలుక వైపే చూపిస్తున్నాయి. ఇది వైరస్. వైరస్‌కు సొంత వంట, సొంత ఇల్లు ఏమీ లేవు. కోకిల కాకి గూట్లో గుడ్డు పెట్టినట్టు, గొర్రె ఒంటి కణంలోకి దూరి, తన పిల్లల్ని ఆ కణం చేతనే తయారు చేయించుకుంటుంది. నీలినాలుక వైరస్ ఎంచుకునేది రక్తనాళాల లోపలి పూత కణాలను. అవి చెడిపోతే నాళాల్లోంచి నీరు కారి మూతి, చెవులు, నాలుక వాస్తాయి. రక్తం సరిగా ఆడక కొన్నిటికి నాలుక నీలంగా మారుతుంది, అన్నిటికీ కాదు. గిట్ట పైన చర్మం కలిసే చోట కూడా ఎర్రటి గీతలా కమిలిపోతుంది. మీ గొర్రెలు కుంటింది దానివల్లే. మన నాటు గొర్రెల్లో జోడిపి అయినా, పల్ల అయినా, దొర అయినా ఈ జబ్బుకు మినహాయింపు లేదు.

వైరస్ మీద యాంటీబయాటిక్ ఎందుకు పనిచేయదంటే, పెన్సిలిన్ లాంటివి బాక్టీరియా గోడను పడగొట్టే మందులు. టెట్రాసైక్లిన్ లాంటివి బాక్టీరియా తన మాంసకృత్తులు తయారు చేసుకునే పనికి అడ్డం పడతాయి. వైరస్‌కు ఆ గోడా లేదు, ఆ పనీ లేదు. మరి మీ డాక్టరు గారు సూది ఎందుకు వేశారు? ఒకటి జ్వరానికి, వాపుకు అయి ఉంటుంది. రెండోది, నోరు పుండై తిండి మానేసి నీరసించిన గొర్రె ఊపిరితిత్తుల్లోకి వేరే బాక్టీరియా చొరబడి న్యుమోనియా తెస్తుంది. చాలా గొర్రెలు నిజానికి దానితోనే పోతాయి. దాన్ని ఆపడానికి యాంటీబయాటిక్. ఆయన చెప్పిందీ సరైనదే, చేసిందీ సరైనదే. రెండు ముక్కలు విడమరిచి చెప్పి ఉంటే మీకు ఈ ఉత్తరం రాసే పని ఉండేది కాదు. మా డాక్టర్లకు ఆ ఓపిక తక్కువని నేనూ ఒప్పుకుంటాను.

నీలినాలుక ఒక గొర్రెను ఇంకో గొర్రె రాసుకున్నంత మాత్రాన అంటదు. నుసుముల్లాంటి చిన్న దోమలు, క్యూలికాయిడిస్ అంటారు, పొద్దుగూకాక కుట్టి మోసుకుపోతాయి. పేడ, మూత్రం కలిసిన బురదలో పెరుగుతాయి అవి. కాబట్టి వానాకాలంలో దొడ్డి పల్లంలో కాకుండా మెరక మీద వేసుకోండి. పేడ బురద నిలవనీయొద్దు. సాయంత్రం వేపాకు పొగ వేస్తే కొంత మేలు. జబ్బు చేసిన వాటిని నీడలో ఉంచండి, ఎండకు మూతి చర్మం ఇంకా పేలుతుంది. పలచటి పొటాషియం పర్మాంగనేటు నీళ్లతో నోరు కడిగి, బోరిక్ గ్లిజరిన్ రాసి, గంజి, రాగిజావ కొద్దికొద్దిగా పట్టండి. పట్టేటప్పుడు తల మరీ పైకెత్తకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పీపీఆర్ వస్తే లెక్క వేరు. అది ఊపిరితోనూ, చీమిడితోనూ అంటుకుంటుంది, జబ్బు జీవాలను ఆ గంటలోనే మంద నుంచి విడదీయాలి.

టీకాల విషయంలో వైరస్‌లు మనల్ని భలే ఆడిస్తాయి. మీ తాతగారిని అడగండి, 'పెద్ద రోగం' అంటే ఊళ్లకు ఊళ్లే గొడ్లను పోగొట్టుకున్న రోజులు చెబుతారు. ముసర వ్యాధి అది. దాని వైరస్ ఎక్కడ చూసినా దాదాపు ఒకే రకం. ఒకసారి టీకా పడితే జీవితాంతం కాపు. అందుకే ప్రపంచమంతా కలిసి తరిమేయగలిగింది. మన దేశానికి 2006లో ముసర లేదన్న గుర్తింపు వచ్చింది, 2011లో భూమ్మీదే లేదని ప్రకటించారు. మనుషుల మశూచి తర్వాత అలా పూర్తిగా పోయిన జబ్బు ఇదొక్కటే. పీపీఆర్ వైరస్ దానికి దగ్గరి చుట్టం. ఒక్క టీకా కనీసం మూడేళ్లు కాస్తుంది, కాబట్టి 2030కల్లా దాన్నీ తరిమేయాలని లక్ష్యం పెట్టుకున్నారు. నోట్లో, గిట్టల్లో పుండ్లు తెచ్చే గాలికుంటు అలా కాదు. బాక్టీరియాను ఆపే జల్లెడలోంచి కూడా జారిపోయే క్రిమి అని లోఫ్లర్, ఫ్రోష్ అనే ఇద్దరు జర్మన్లు 1898లోనే కనిపెట్టారు, జంతువుల్లో బయటపడ్డ మొదటి వైరస్ అదే. అయినా ఇప్పటికీ వేధిస్తూనే ఉంది. మన దేశంలోనే ఓ, ఏ, ఏషియా-1 అని మూడు రకాలు తిరుగుతున్నాయి. ఒక రకానికి వచ్చిన రక్షణ ఇంకో రకానికి పనికిరాదు, ఉన్న రక్షణా ఎక్కువకాలం నిలవదు. ఆవుకూ గేదెకూ ఆరు నెలలకోసారి టీకా వేయమనేది అందుకే. నీలినాలుకకైతే ఇరవైకి పైగా రకాలు. మన దేశంలో ఐదు రకాలకు కలిపి చేసిన టీకా ఉంది. ఈ ఏడాది మీ మందకు వచ్చిన రకం ఆ ఐదింటిలో ఉంటే మేలు, లేకపోతే లేదు. అంతమాత్రాన టీకా దండగ అని ఊళ్లో ప్రచారం చేయకండి.

ఆవు మూత్రం ఎర్రబడడం మూడో రకం క్రిమి పని. బాక్టీరియా కాదు, వైరస్ కాదు, బెబీసియా అనే ఏకకణ జీవి. పిడుదు కుట్టినప్పుడు దాని లాలాజలంతో రక్తంలోకి దిగి, నేరుగా ఎర్రకణంలోకి దూరి, అక్కడ రెండుగా చీలి, కణాన్ని పగలగొట్టుకుని బయటపడి ఇంకో కణంలో దూరుతుంది. పగిలిన కణాల్లోని ఎర్ర పదార్థమే మూత్రంలో దిగి డికాషన్ రంగు వస్తుంది. జ్వరం 105, 106 డిగ్రీలు ఉంటుంది. ఈ క్రిమి కణం బాక్టీరియా లాంటిది కాదు, మన కణాలకే దగ్గరి పోలిక. అందుకే దీనికి వేరే మందు, డిమినజీన్. సరైన సమయంలో పడితే ఒక్క మోతాదుతోనే తేరుకోవడం మామూలే, మీరు చూసిందదే.

పిడుదులే మోసుకొచ్చే థైలీరియా ఇంకో రకం. అది ముందు తెల్లకణాల్లో కాపురం పెట్టి, వాటిని కేన్సర్ కణాల్లా విపరీతంగా పెంచుతుంది. జబ్బ ముందు బిళ్లలు నిమ్మకాయంత వాస్తాయి. డిమినజీన్ దానికి పనికిరాదు, బుపార్వాక్వోన్ కావాలి. అనాప్లాస్మా అని ఇంకొకటి ఉంది, పిడుదే తెస్తుంది, ఎర్రకణంలోనే ఉంటుంది, కానీ అది బాక్టీరియా. దానికి టెట్రాసైక్లిన్ బాగా పనిచేస్తుంది. అంటే మీ నాన్నగారి సీసా అప్పుడప్పుడూ గెలుస్తుంది కూడా! ఆయన నమ్మకం అంత గట్టిగా ఉండడానికి అదే కారణం కావచ్చు. ఇంకో చిక్కు చూడండి. గేదె ఈనిన కొత్తలో జ్వరం లేకుండా మూత్రం ఎర్రబడితే అది క్రిమి వల్ల కాకపోవచ్చు. రక్తంలో భాస్వరం తగ్గినా అలాగే అవుతుంది. ఈ నాలుగింటినీ కంటితో తేల్చడం నా వల్ల కూడా కాదు. చెవి దగ్గర తీసిన ఒక్క రక్తపు చుక్కను గాజు పలక మీద పూసి మైక్రోస్కోపులో చూస్తే చాలాసార్లు తేలిపోతుంది. ఆ చుక్కను మందు వేయకముందే తీయించాలి.

సంకరజాతి ఆవుకు ఇవి ఎక్కువగా ముదురుతాయి, మన ఒంగోలు జాతి చాలావరకు తట్టుకుంటుంది. పిడుదు వల్లే ఆవులకు బెబీసియా జ్వరం వస్తోందని అమెరికాలో స్మిత్, కిల్బోర్న్ 1893లో రుజువు చేశారు. పురుగు కుట్టి జబ్బు అంటించగలదని లోకం నమ్మడం మొదలైన సందర్భాల్లో అదొకటి. ఎండనూ పిడుదులనూ ఓర్చుకుంటాయనే మన వైపు గొడ్లను ఓడల్లో ఎక్కించుకుపోయారు. బ్రెజిల్‌లో ఇవాళ 'నెలోరే' అంటే అక్కడి మాంసపు పశువుల్లో మహారాజు. ఆ పేరు నెల్లూరుది, రక్తం ఒంగోలుది. ఇక్కడేమో ఒంగోలు గిత్తను పందేల్లో తప్ప చూడడం అరుదైపోయింది. సరే, అది వేరే బాధ.

పిడుదుల మందు ఆవు ఒంటికి కొట్టి ఊరుకుంటే చాలదు. రక్తం తాగి ఉబ్బిన ఆడ పిడుదు కింద రాలి, వేల గుడ్లు పెడుతుంది. బెబీసియా మోసే పిడుదు గుడ్లలోకి కూడా ఆ క్రిమి దిగుతుంది. అంటే పుట్టిన పిడుదు పిల్ల ఎవర్నీ కుట్టకముందే జబ్బు మూటగట్టుకుని ఉంటుంది. థైలీరియా మోసే రకం పాక గోడ పగుళ్లలో దాక్కుంటుంది. గోడ సందులు మట్టితో పూడ్చి, సున్నం కొట్టండి. మందు సీసా మీద రాసిన కొలతే కలపండి, ఎక్కువ కలిపితే పిడుదుకంటే ముందు దూడ పడిపోతుంది. పొదుగు, మూతి మీద పడకుండా చూసుకోండి.

మీరు అడగని మాట ఒకటి. మీ మందలో ఇప్పటికి పోయినవాటికంటే ఎక్కువ నష్టం చప్పుడు లేకుండా చేస్తున్నవి నట్టలు, అంటే కడుపులోని పురుగులు అయి ఉండొచ్చు. గొర్రె నాలుగో కడుపులో ఉండే హీమాంకస్ అనే దారప్పోగులాంటి నట్ట ఒక్కొక్కటి రోజుకు 0.05 మిల్లీలీటరు రక్తం పీలుస్తుంది. వెయ్యి నట్టలుంటే రోజుకు 50 మిల్లీలీటర్లు. ముప్పై కిలోల గొర్రె ఒంట్లో మొత్తం రక్తమే సుమారు రెండు లీటర్లు. గొర్రె కింది కనురెప్ప మెల్లగా లాగి చూడండి. లోపల ఎర్రగా ఉంటే మంచిది, తెల్లకాగితంలా పాలిపోతే నట్టలే అనుకోండి. దవడ కింద నీరు సంచిలా వేలాడితే అది ఇంకా ముదిరినట్టు. చెరువు అంచుల్లో, వరి మళ్ల గట్ల మీద మేసేవాటికి నత్తల ద్వారా కార్జపు జలగ కూడా వస్తుంది, దాని మందు వేరు. ఏటా ఒకే నట్టల మందు, అదీ కంటిచూపు లెక్కతో తక్కువ మోతాదులో పోస్తే మిగిలిన నట్టలు దానికి మొండికేస్తాయి. బరువు చూసి పోయండి, ఏ రకం మందు వాడాలో పేడ పరీక్ష చేయించి అడగండి.

బూజు సంగతి టూకీగా చెబుతాను. గేదెకు వేరుశనగ చెక్క పెడతారనుకుంటాను. తడి తగిలి బూజు పట్టిన చెక్కలో ఆఫ్లటాక్సిన్ అనే విషం ఊరుతుంది. ఇది ఒకదాన్నుంచి ఒకదానికి అంటే జబ్బు కాదు, కాలేయాన్ని తినేసే విషం, పాలలోకి కూడా దిగుతుంది. ఉడకబెట్టినా పోదు. ఈ విషం బయటపడిందే వేరుశనగ చెక్క వల్ల. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు దాన్ని తిని చచ్చిపోయాక కనిపెట్టారు. బూజు చెక్కను ఎండబెట్టి పెడదాం అనుకోకుండా పారేయండి. ప్రాణమే లేని ప్రియాన్ అనే మాంసకృత్తు వల్ల కూడా గొర్రెలకు జబ్బు వస్తుందని ఎక్కడైనా చదివితే అది నిజమే, కానీ మీ కొట్టానికి సంబంధించిన దిగులు కాదు.

ఇక నాన్నగారితో ఎలా మాట్లాడాలో మీకే తెలుస్తుంది. ఆయన వేసే సూది మానిపించలేకపోయినా మూడు మార్పులు చేయించండి. ఒకే సూదితో మందంతటికీ వేయకూడదు, రక్తంలోని క్రిములను ఒకదాన్నుంచి ఇంకోదానికి మనమే ఎక్కించినట్టవుతుంది. ఒకరోజు కాస్త వేసి తేరుకుందని ఆపేయకూడదు. యాంటీబయాటిక్ వేసిన ఆవు పాలు డాక్టరు చెప్పినన్ని రోజులు కేంద్రానికి పోయకూడదు. సీసాకు పెట్టే డబ్బుల్లో కొంత పెట్టి ఒక థర్మామీటరు కొనండి. గొర్రెకు మామూలుగా 102, 103 డిగ్రీలుంటుంది. డాక్టరుకు ఫోన్ చేసినప్పుడు జ్వరం ఎంత, ఎన్ని జీవాలకు, నిన్న ఎక్కడ మేశాయి, మందలోకి కొత్తగా ఏమైనా కొన్నారా, చివరి టీకా ఎప్పుడు వేశారు అన్నవి చెప్పగలిగితే సగం పని అయిపోయినట్టే. 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార వైద్య వాహనం వస్తుంది. జీవం చచ్చిపోయినా ఫోన్ చేయండి, కోయకుండానే రక్తం నమూనా తీసుకుంటారు.

గొర్రె గానీ గేదె గానీ ఈసుకుపోతే, అంటే నెలలు నిండకుండానే పిండం పడిపోతే, ఆ పిండాన్ని, మాయను ఒట్టి చేతులతో తీయకండి. బ్రూసెల్లా అనే బాక్టీరియా మాయలోనే గుంపులుగా పెరుగుతుంది, చేతి గీతల్లోంచి కూడా మనిషికి ఎక్కి నెలల తరబడి వచ్చిపోయే జ్వరం, కీళ్లనొప్పులు తెస్తుంది. రబ్బరు తొడుగులు వేసుకుని, సున్నంతో పూడ్చిపెట్టండి, కుక్కల పాలు చేయొద్దు. గేదెకు ఆడ దూడ పుడితే నాలుగో నెల నిండాక, ఎనిమిదో నెల లోపు బ్రూసెల్లా టీకా వేయించండి. అది జన్మలో ఒక్కసారే. ఈ ఏడాది మీ మందకు ముందుగా కావలసింది పీపీఆర్ టీకా వేసి మూడేళ్లు దాటిందో లేదో కనుక్కోవడం, వానలు రాకముందే చిటుక టీకా రెండు విడతలూ పూర్తి చేయడం.